గ్రౌండులో ‘అండీ’ లేదు

కోనసీమ నుంచి తిరిగొచ్చి పది రోజులైంది. కోపం ఇంకా చల్లారలేదు. అందులో సగం అక్కడి పెద్దమనుషుల మీద, మిగతా సగం నా మీద. కొబ్బరితోటల మీద, కాలవగట్ల మీద రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, అవి నా దగ్గర దొరకవు. నేను చూడబోయింది ఒక ఆడమనిషిని. అమలాపురంలో ఒక కాలేజీలో ఇరవై ఏడేళ్ళు ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్ నేర్పి, యూనివర్సిటీ కప్పు పద్నాలుగుసార్లు తెచ్చి, మొన్న రిటైరయిన పీడీ ఎస్తేరు రాణి గారిని. పీడీ అంటే ఫిజికల్ డైరెక్టరు. కాలేజీల్లో ఆటలు నేర్పే ఉద్యోగానికి ఆ పేరు పెట్టారు. జీతమూ గౌరవమూ మాత్రం అందరికన్నా కింద పెట్టారు.

ఆవిడ సన్మానసభలో నేను మాట్లాడాలని పాత శిష్యురాలు నాగమణి ఫోను చేసింది. నా వ్యాసాలు చదువుతుందట. శాలువాలంటే నాకు ఒళ్ళుమంట. కానీ ఆ అమ్మాయి ఫోన్లో ఒక మాట అంది: “మా మేడం గారు గ్రౌండులో అండీ తీసేసేరండి.” ఆ మాటకి నేను బయలుదేరాను.

రావులపాలెం దాటాక

మా గుంటూరు బస్సులో కండక్టరు మనిషిని మూటలాగా దించుతాడు. రావులపాలెంలో బస్సు మారగానే నేనింకో దేశంలో పడ్డాను. “మాస్టారండీ, కొంచెం జరుగుతారా అండి, అమ్మగారు కూచుంటారు.” జరిగాను. జరగడంలో ఆ అమ్మగారి అరటిపళ్ళ బుట్టలో కాలు పెట్టాను. రెండు పళ్ళు చితికిపోయాయి. మా ఊళ్ళో అయితే నా ఏడు తరాలూ బస్సులోకి దిగొచ్చేవి. ఆవిడ నా కాలివంక చూసి, “పర్లేదండి, మీకేం తగల్లేదు కదండీ?” అంది. ఆ చితికిన పండే వొలిచి నాకు పెట్టింది కూడా. చక్కరకేళి. తిన్నాను.

ఇంత మర్యాద చూసి నాకు తెగ ముచ్చటేసింది. ఆ ముచ్చటే తరవాత నా కొంప ముంచింది.

కొత్తపేట: వంకర బొటనవేలు

నాగమణి కొత్తపేట దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీ, ఆటల టీచరు. బస్టాండుకి వచ్చి నన్ను ఎదురుగా ఉన్న హోటల్లోకి తీసుకెళ్ళింది. ఉప్మా పెసరట్టు యాభై రూపాయలు. మా దగ్గర ఎనభై పెట్టినా ఇంత కమ్మగా పెసల వాసన రాదు. ఆ అమ్మాయి పెసరట్టు తుంచుతుంటే కుడిచేతి బొటనవేలు చూశాను. పక్కకి ఒరిగిపోయి ఉంది.

“క్యాచర్‌నండి. వికెట్‌కీపరు లాగా బ్యాటు పట్టుకున్నవాళ్ళ వెనకాల కూచుంటాను. బంతి తగిలి మూడుసార్లు విరిగిందండి.”

“సాఫ్ట్‌బాల్ అంటారు కదమ్మా?”

“పేరే మెత్తనండి. తగిల్తే తెలుస్తుంది.”

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. సాఫ్ట్‌బాల్ క్రికెట్‌కి దూరపు చుట్టం. తొమ్మిదిమంది ఆడతారు. బంతి కాస్త పెద్దది. విసిరే పిల్ల చేతిని కిందనుంచి తిప్పి విసురుతుంది, కొట్టిన పిల్ల నాలుగు మూలలూ చుట్టి రావాలి. గాలిలోకి లేచిన బంతిని ఎవరైనా పట్టేస్తే కొట్టిన పిల్ల అవుటు. ఈ కథంతా ఆ గాలిలోకి లేచిన బంతిదే.

ఎస్తేరు రాణి గారు చేరిన కొత్తలో టీము ఫైనలుకి వెళ్ళింది. చివరి బంతి ఎత్తుగా లేచి ఇద్దరమ్మాయిల మధ్యకి వచ్చింది. ఒకమ్మాయి రైసుమిల్లు వారి పిల్ల. రెండో అమ్మాయి ఊరవతల పేట పిల్ల, తల్లి ఆ మిల్లులోనే తవుడు జల్లించే మనిషి. బంతి కింద సరిగ్గా ఉన్నది పేట పిల్లే. చేతులు ఎత్తింది. ఎత్తి, పక్కకి చూసి, “మీరు తీసుకోండి” అంది.

మిల్లువారి పిల్ల చెడ్డదేం కాదు. ఆమె కూడా మర్యాదగా, “పర్లేదు, నువ్వే తీసుకోవే” అంది.

బంతి ఇద్దరి మధ్యా దబ్బున పడింది. ఒక్క పరుగుతో ఓడిపోయారు.

“మేడం గారు ఏవీ అన్లేదండి. బస్సులో కాకినాడ నుంచి ఇంటిదాకా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే సున్నం తెచ్చి గ్రౌండు చుట్టూ గీత గీసేరు. ఈ గీత లోపల అండీ లేదు, గారు లేదు, అమ్మాయిగారు లేదు. అందరూ నువ్వే. బంతి పైకి లెగిస్తే ఒక్కటే మాట, నాది. ముందు ఎవరు అరిస్తే బంతి వాళ్ళది. రెండోవాళ్ళు పక్కకి తప్పుకోవాలి. అంతేనండి.”

“అంతేనా?”

“అంతే అంటారేంటండీ! వారం రోజులు మా నోట్లోంచి ఆ ముక్క రాలేదు.” పెసరట్టు పక్కకి జరిపింది. “ఆ పేట పిల్లని నేనేనండి. నాది అనడానికి అప్పటిదాకా నాకేముందండి? పుస్తకాలు అక్కయ్యవి. ఓణీ మిల్లువారమ్మాయిగారు కట్టి వొదిలేసింది. ఎనిమిదో రోజున అరిచేను. అరిచి, పట్టి, ఏడిచేను. బంతి మాత్రం వొదల్లేదండి.”

మిల్లువారమ్మగారు కాలేజీకి వచ్చి గొడవ చేసిందట, మా పిల్లని అది నువ్వంటుందా అని. ఎస్తేరు రాణి గారు వినయంగా సమాధానం చెప్పారట: “గీత బయటికి రానివ్వండమ్మా. మళ్ళీ అండీ అంటుంది.”

అక్కడ నాకు కోపం ఆగలేదు. “గీత బయట మాత్రం ఎందుకనాలి? మనిషిని సున్నం గీతలో పెట్టి మనిషిని చేసి, గీత దాటగానే మళ్ళీ పనిమనిషిని చేస్తే అదేం సంస్కరణ?” హోటలంతా నావైపు తిరిగింది.

నాగమణి నవ్వింది. “మీరు గుంటూరోళ్ళు కదండీ. అరిచేస్తారు. మాకు గీత దొరకడమే గొప్పండి.”

అమలాపురం: పొద్దున్న ఆరింటికి

మర్నాడు గ్రౌండుకి వెళ్ళాను. మంచు ఇంకా విడలేదు. ఎస్తేరు రాణి గారు పొట్టిగా ఉంటారు. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి కాన్వాసు బూట్లు, మెళ్ళో ఈల. నన్ను చూసి, “రండి రండి మాస్టారండీ, కాఫీ తాగేరా అండి?” అని కుర్చీ వేయించారు. ఆ కుర్చీ గీత బయట వేయించారు. తరవాత గీత దాటి లోపలికి వెళ్ళారు. ఆ గొంతు మారిపోయింది.

“ఏమే! నీ కాళ్ళకి మేకులు కొట్టేరా? కదులు!”

బంతులు గాలిలోకి లేస్తున్నాయి. “నాది!” “నాది!” “నాది!” నేను నలభై ఏళ్ళుగా వేదికలెక్కి హక్కులని మొత్తుకుంటున్నాను. ఇక్కడ పద్దెనిమిదేళ్ళ పిల్లలు ఆ పనిని రెండక్షరాల్లో చేస్తున్నారు.

ఒక్క పిల్ల మాత్రం అరవడంలేదు. ఎడమవైపు చివరన నిలబడే భవాని. ఓడలరేవు పిల్ల, సముద్రంలో చేపల వేట చేసుకునేవాళ్ళింటిది. బంతి ఎక్కడ పడుతుందో గాలిలోనే తెలిసిపోతుంది ఆ పిల్లకి, లేడిలా వస్తుంది. కానీ నోరు విప్పదు. నా కళ్ళముందే ఇంకో పిల్లని గుద్దుకొని ఇద్దరూ పడ్డారు.

“నోరుందా నీకు?” అని అరిచారు మేడం. “ఎన్నిసార్లు చెప్పాలి? నువ్వు పట్టడం కాదు, నీదని నలుగురికీ తెలియాలి!”

భవాని మోచేయి చూసుకుంటూ తల ఊపింది. తల ఊపడానికి కూడా చప్పుడు రానివ్వలేదు.

ప్రాక్టీసయ్యాక ప్రిన్సిపాలు గదిలో కప్పులు చూపించారు. అద్దాల బీరువా, తాళం. కప్పుల ముందు దేవుడి పటం, దాని ముందు విద్యుద్దీపం. కాలేజీ పుస్తకంలో చదివాను: “అమ్మవారి కృప, యాజమాన్యం వారి కృషి ఫలితంగా మన విద్యార్థినులు...” ఎస్తేరు రాణి గారి పేరు అట్టడుగున, ప్రెస్సువాడి పేరుకి కాస్త పైన ఉంది. నేను పళ్ళు నూరిన చప్పుడు ఆవిడకి వినబడి ఉంటుంది.

“మీరు కూడా ప్రార్థన చేస్తారట కదండీ మ్యాచి ముందు?” అన్నాను. నాకు పాస్టర్లంటే కూడా పడదు. కోపంలో నాకు మతభేదం లేదు.

“చేస్తానండి. కానీ బంతి వచ్చేటప్పుడు కళ్ళు మూసుకోకూడదని చెబుతాను.”



అమలాపురం: కంద బచ్చలి

ఆ మధ్యాహ్నం కాలేజీ సెక్రటరీ గారు నన్ను భోజనానికి పిలిచారు. గుమ్మంలోనే కాళ్ళకి నీళ్ళిచ్చారు. విస్తట్లో ఆవపెట్టిన కంద బచ్చలి, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం. ఆయన తినకుండా నా ఎదుట నిలబడి వడ్డన చూశారు. “ఇంకొంచెం నెయ్యి వేయించుకోండి మాస్టారండీ. మీరు రాయడం వేరు, మా ఇంట్లో తినడం వేరు.”

ఇక్కడివాళ్ళు మీరు ఏం చెప్పినా “ఆయ్” అంటారు. అవును అనడానికీ ఆయే, వింటున్నాను అనడానికీ ఆయే. రెండురోజుల్లో ఆ ముక్క నాకూ అంటుకుంది. ఆయన ఏదో చెబుతున్నారు. రేపు సన్మానానికి ముందు గ్రౌండులో చిన్న కార్యక్రమం, అభివృద్ధి పని, మేడం గారు కూడా ఉంటారు, మీ చేతులమీదుగా జరిగితే బాగుంటుంది. నా నోట్లో కంద ముద్ద ఉంది.

“ఆయ్” అన్నాను.

ఏ పని అని అడగలేదు. జీవితమంతా ప్రశ్నించండి, ప్రశ్నించండి అని ఊరూరా చెప్పినవాణ్ణి, ఒక కూర రుచికి ప్రశ్న మింగేశాను.

ఓడలరేవు: ఉన్నంతవరకే

సాయంత్రం ఎస్తేరు రాణి గారు ఓడలరేవు వెళుతుంటే ఆటోలో నేనూ ఎక్కాను. భవాని ఇంటికి. ఇసకలో వల పరిచి వాళ్ళ నాన్న కన్నాలు కుడుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి చేతులు తుడుచుకున్నాడు.

“కూకోండి మేడం గారండి. ఏ భవానీ, మంచినీళ్ళు తే!”

మేడం నేరుగా అడిగారు. “పిల్లని మానిపిస్తావని విన్నాను. నిజవేనా?”

“మరి మీరెల్లిపోతున్నారంట కదండీ. మీరున్నంతవరకే అన్నానండి నేను. పంపినప్పుడే చెప్పేను. అంతదూరం, పొద్దున్నే చీకట్లో బస్సెక్కడం... మిమ్మల్ని చూసి పంపేను. కాలేజీని చూసి కాదండి.”

“నేను రిటైరయితే మాత్రం రోజూ గ్రౌండుకొస్తాను. గ్రౌండెక్కడికీ పోదు కదా?”

“అదుంటే ఆలోచిస్తానండి.”

భవాని నీళ్ళ గ్లాసులతో గుమ్మంలో నిలబడి అంతా వింది. తన గురించే మాట్లాడుకుంటున్నారు. గ్లాసులు మా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ చింతకాయ వేసిన నెత్తళ్ళ పులుసు పెట్టింది. సెక్రటరీ గారింటి విస్తరికన్నా దీనికి పదింతలు ఎక్కువ మార్కులు వేస్తాను. కానీ ఆ రోజు నేను తిన్నవాటిలో నన్ను అమ్మేసింది మాత్రం కందే.

తిరిగి వస్తుంటే ఆటోలో మేడం చెప్పారు. యూనివర్సిటీ టీములో భవానికి చోటు దొరికితే ఆ సర్టిఫికెట్టు మీద ఉద్యోగం వస్తుంది, నాగమణికి వచ్చినట్టే. సెలక్షన్లు ఇంకో ఆరువారాల్లో ఉన్నాయి. “ఆ ఆరు వారాలు నాకు గ్రౌండు కావాలండి. ఇంకేమీ అక్కర్లేదు.”

అమలాపురం: పదీ నలభై

మూడోరోజు పొద్దున్న గ్రౌండు గేటు దగ్గర ఫ్లెక్సీ చూశాను. “ధ్యానమందిర శంకుస్థాపన. సుముహూర్తం ఉదయం గం. 10.40 నుంచి 10.52 వరకు.” కింద ముఖ్య అతిథి అని పెద్ద అక్షరాల్లో ఒక పేరు. నా పేరు. నా ఫోటో కూడా, ఎక్కడ సంపాదించారో. దాని పక్కనే ఒక స్వామి చెయ్యెత్తి దీవిస్తున్నాడు.

ధ్యానమందిరం! తొమ్మిదిమంది ఆడపిల్లలు కళ్ళు తెరుచుకొని పరిగెత్తే చోట, కళ్ళు మూసుకొని కూర్చోడానికి గది! అది కట్టడానికి స్థలం ఇంకెక్కడా దొరకలేదు. ఎడమవైపు చివర, భవాని నిలబడేచోట గొయ్యి తవ్వి ఉంది. చుట్టూ షామియానా, ఎర్ర తివాచీ, దాని మీద అతిథులూ, టీము పిల్లలూ, నాగమణీ. సున్నం గీత తివాచీ కిందకి పోయింది.

ఎస్తేరు రాణి గారిని అప్పటికే కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పేశారు. ఆవిడకి చెప్పింది గ్రౌండు అభివృద్ధి అనే. గొయ్యి చూసి ఆవిడ ముఖం పాలిపోయింది. నేను సెక్రటరీ గారి మీదకి వెళ్ళాను. ఆయన చేతులు జోడించారు.

“మీరు నిన్న ఆయ్ అన్నారు కదండీ మాస్టారూ! మీలాంటి పెద్దలు ఒప్పుకున్నాక...”

ఇటుక మీద పసుపు రాసి ఉంది. సిద్ధాంతి కొబ్బరికాయ నా చేతికి ఇవ్వబోయాడు. మైకు నా ముందుకి వచ్చింది. నా జేబులో పదకొండు పేజీల ఉపన్యాసం ఉంది, నిప్పులు కక్కే ఉపన్యాసం. ఏం చేశాననుకున్నారు? ఆవిడ గ్రౌండు, ఆవిడ రోజు, నేను ముందు మాట్లాడితే బాగుండదేమో అనిపించింది. ఆవిడవైపు తిరిగాను.

“మేడం గారూ, మీరు చెప్పండి.”

ఆవిడ శాలువా సర్దుకున్నారు. తివాచీ మీద, గీత కనబడని చోట, ఇరవై ఏడేళ్ళుగా గీత బయట ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు. “అయ్యో, మీరు అతిథిగారండీ. ముందు మీరు చెప్పండి.”

“లేదు లేదు, మీరే...”

“నాది!”

పిల్లలందరూ ఒక్కసారిగా ఆకాశంలోకి చూశారు. నాగమణి కూడా చూసింది, అలవాటు. బంతేమీ లేదు. భవాని షామియానా కింద నుంచి దూసుకొచ్చి గొయ్యిలో దిగి నిలబడింది.

“అమ్మా, చెప్పులతో...” అన్నాడు సిద్ధాంతి.

“బూట్లు.”

“తప్పు తల్లీ, బయటికి రండమ్మా,” అన్నారు సెక్రటరీ గారు. ఆ క్షణంలో కూడా ఆయన మర్యాద తప్పలేదు. అంతమంది అతిథుల ముందు ఆడపిల్లని రెక్కపట్టుకు లాగే ధైర్యం ఆ మర్యాదకి లేదు.

“రాను. నేను నిలబడే చోటండి ఇది.” గీత ఉన్నవైపు చూసింది. “కాదు, అండీ లేదు. నేను నిలబడే చోటు ఇది. నాది.”

మిగతా పిల్లలు ఒక్కొక్కరే తివాచీ దిగి వాళ్ళ వాళ్ళ చోట్లకి వెళ్ళి నిలబడ్డారు. నాగమణి చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి, క్యాచరు చోట గొంతుక్కూచుంది. సెక్రటరీ గారు బతిమాలుతూనే ఉన్నారు. రండమ్మా. రాను. పెద్దవాళ్ళు చూస్తున్నారమ్మా. చూడనీ. తరవాత మాట్లాడుకుందాం తల్లీ. ఇక్కడే మాట్లాడు.

సిద్ధాంతి గడియారం చూసుకున్నాడు. “దాటిపోయిందండి.”

“ఏది?”

“ముహూర్తం. పదీ యాభై మూడయిందండి.”

“మధ్యాహ్నం ఏవైనా చూడండి. పోనీ రేపు.”

“రేపట్నించి మూఢం కదండీ. రెండున్నర నెలలు దేనికీ పనికిరాదు.”

కొబ్బరికాయ సంచిలోకి వెళ్ళిపోయింది.

మూఢం అన్న మాట మీదనే నేను మూడు వ్యాసాలు రాశాను. శుక్రుడు సూర్యుడి పక్కకి వెళితే భూమ్మీద పెళ్ళిళ్ళు ఎందుకాపాలని ఎన్ని సభల్లో ఎగతాళి చేశానో! ఆ మూఢమే వచ్చి గ్రౌండుని కాపాడింది, నా హేతువాదం కాపాడలేదు. ఇంతకన్నా అవమానం నాకు ఏ స్వామీ చేయలేదు.

బస్టాండు

సన్మానం ఎలాగో అయిపోయింది; జేబులోంచి తీసిన ఉపన్యాసం నేను చదవనేలేదు. సాయంత్రం ఎస్తేరు రాణి గారు నన్ను బస్సెక్కించడానికి వచ్చారు. శాలువా లేదు. మెళ్ళో ఈల ఉంది.

“రెండున్నర నెలలు గడిచాక మళ్ళీ ఇటుక పట్టుకొస్తారు,” అన్నాను కోపంగా.

“ఆరువారాల్లో సెలక్షన్లు అయిపోతాయండి. ఈలోగా పాత పిల్లలూ నేనూ సంతకాలు పెట్టి యూనివర్సిటీకి అర్జీ పంపుతాం. రేపు ఆరింటికి ప్రాక్టీసు. భవాని వాళ్ళ నాన్న ఫోన్ చేసేడండి.”

“ఏమన్నాడు?”

“మీరింకా ఉన్నట్టేనా మేడం గారూ అన్నాడు. ఆయ్ అన్నాను.”

ఆవిడ ఆయ్‌కి, నా ఆయ్‌కి ఎంత దూరమో తలుచుకుంటే తల వంగిపోయింది. నేను బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఆవిడ సంచిలోంచి మడతపెట్టిన కాగితాలు తీసి నాకిచ్చారు. నా పదకొండు పేజీలు.

“కుర్చీలో మర్చిపోయేరండి. చదివేను. చాలా బాగా రాసేరండి.”

బస్సు కదిలింది. ఆవిడ రెండడుగులు పక్కన నడిచి, ముందురోజు పొద్దున్న గ్రౌండులో విన్న గొంతుతో అన్నారు:

“బంతి మీ నెత్తిమీదకే వచ్చింది మాస్టారూ. మీరు అరవలేదు.”

ఆ మాట చివర అండీ లేదు.